సార్ కూర్చున్న చోటు

మే నెల రెండో ఆదివారం. పొద్దున్నే మొదటి వింత ఏమిటంటే, మైదానానికి సార్ కంటే ముందు మేం చేరుకున్నాం. రోజూ మేం వెళ్ళేసరికి మట్టి తడిపి, బేస్‌లు పరిచి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉండే మనిషి. ఆ రోజు మట్టి పొడిగానే ఉంది. కాసేపటికి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. తెల్లవారుజామున నిద్రలోనే సార్ గుండె ఆగిపోయిందట.

సార్ బడిలో ఆటల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత పురానాపూల్ దగ్గరి మైదానంలో ఆడపిల్లలకు బేస్‌బాల్ నేర్పారు. క్రికెట్ తప్ప వేరే ఆట తెలియని గల్లీల్లోంచి జట్టును ఎలా పోగుచేశారో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆటస్థలాల్లో ఎన్నడూ వెతకలేదు. కార్వాన్‌లో పాలకు వెళ్ళిన చోట, ఒకమ్మాయి గడ్డిమోపులు అటక మీదికి విసురుతుంటే చూశారు. వాళ్ళ నాన్నతో అన్నారట:

"భాయ్, నీ బిడ్డ చెయ్యి నాకియ్యి."

"చెయ్యి మీకిస్తే బర్లకు మేత ఎవరేస్తరు సార్?"

"పొద్దుగాల నాకు, పొద్దుమీకి బర్లకు."

ఆ అమ్మాయే మా పిచ్చర్. ఆమె బంతి వేస్తే గాలి చిరిగిన చప్పుడు వస్తుంది.

ఈ వేసవిలో జట్టు నుంచి ఇద్దరు వెళ్ళిపోయారు. మూడో బేస్ అమ్మాయి సికింద్రాబాద్ జట్టుకు మారింది. క్యాచర్‌కు వరంగల్‌లో కాలేజీ సీటు వచ్చింది. వెళ్ళేవాళ్ళ మీద సార్ అలిగేవారు కాదు. ఒక్కటే షరతు: పోయేముందు తమ చోటును ఇంకొకరికి నేర్పాలి. "జాగ ఖాళీ పెట్టి పోవద్దు బేటా, నింపి పోవాలె" అనేవారు. మూడో బేస్ అలాగే నిండింది. దూరంగా పడే బంతుల కోసం ఒక మేడ మీది నుంచి పతంగులు ఎగరేసే పిల్లను తెచ్చారు. ఆకాశంలోకి చూస్తూ వెనక్కి నడిచినా పిట్టగోడ ఎక్కడుందో ఆ పిల్లకు తెలుసు!

క్యాచర్ చోటు మాత్రం నిండలేదు. బ్యాట్ పట్టినవాళ్ళ వెనక గొంతుకూర్చుని, పిచ్చర్ వేసే ప్రతి బంతినీ అందుకోవాలి. మా పిచ్చర్ బంతి అనగానే అందరూ చేతులు వెనక్కి దాచుకున్నారు. చివరికి సారే మాస్క్ కట్టుకుని కూర్చున్నారు, ఆ వయసులో.

"సార్, మీ మోకాళ్ళు..." అంది పిచ్చర్.

"మోకాళ్ళ లొల్లి నాది. నువ్వు బాల్ ఎయ్యి."

నేను సంతోష్‌నగర్ నుంచి వచ్చేదాన్ని. రెండో బేస్‌లో ఇంకో అమ్మాయితో వంతులవారీగా ఆడతాను. కొత్త మాట కనిపిస్తే రోజంతా నోట్లో నానబెట్టుకుని తిరిగే పిచ్చి నాది. అది సార్‌కు తెలుసు. నన్ను తన వెనకున్న వల అవతల నిలబెట్టేవారు.

"ఆ బాల్ ఎట్ల వచ్చింది?"

"బాగా వచ్చింది సార్."

"బాగ అంటే ఏంది? మీ ఇంట్ల పప్పు గూడ బాగనే ఉంటది. సక్కగ చెప్పు."

నేను మాటలు వెతుక్కునేదాన్ని. జారింది. వాలింది. చివర్లో మునిగింది. ఒక్కో మాటకూ సార్ తల ఊపేవారు. తర్వాత ప్రశ్న మార్చారు: "బాల్ చెయ్యి ఇడ్సేటప్పుడే ఏం జూసినవ్?" పిచ్చర్ మణికట్టును, భుజాన్ని చూడడం అలవాటైంది. కొన్నాళ్ళకు బంతి రాకముందే "మునుగుతుంది" అనేదాన్ని. అది మునిగేది. నా మాటల మోజును సార్ ముద్దు చేస్తున్నారనే అనుకున్నాను.

అంత్యక్రియలు అయ్యాక అందరం మైదానానికే వచ్చాం. ఇంటికి పోబుద్ధి కాలేదు. వచ్చే నెలలో పోటీలు. రాష్ట్ర జట్టుకు ఎంపిక అక్కడే. క్యాచర్ లేకుండా జట్టు ఆటకు దిగడానికి వీల్లేదు. జట్టు దిగకపోతే మా పిచ్చర్ చెయ్యిని చూసేవాళ్ళే ఉండరు.

"మన టీం ఖతమేనా అక్కా?" అంది పతంగుల పిల్ల.

మా పిచ్చర్ పెద్దగా మాట్లాడదు. అప్పుడు మాట్లాడింది.

"సార్ జాగ నింపకుండ పోతడా? నింపే పోయిండు."

"ఎవరితో?" అన్నాను.

"వల ఎనక రోజూ ఎవరిని నిలబెట్టిండు? నా బాల్ ఎటు పోతదో నాకన్న ముందుగాల ఎవరు చెప్తరు?"

అందరూ నా వైపు చూశారు. నేను మాటలు నేర్చుకుంటున్నాననుకున్న పొద్దులన్నీ సార్ నా చూపుకు పదును పెడుతూ గడిపారు. ఒక్కసారైనా ఆ సంగతి బయటపెట్టలేదు. చెప్పి ఉంటే నేను భయంతో పారిపోయేదాన్నని ఆయనకు తెలుసు.

"నాకు ఇప్పుడూ భయమే," అన్నాను. "మొదటి బంతి కొంచెం మెల్లగా వెయ్యి."

"మెల్లగ ఎయ్య," అంది.

బ్యాట్ పట్టినవాళ్ళు నిలబడే హోమ్ ప్లేట్ వెనక మట్టిలో సార్ బూట్లు తొలిచిన రెండు గుంటలున్నాయి. నా కాళ్ళకు వాటి ఎడం కాస్త ఎక్కువే. రేపు పొద్దున ఆమె ఇళ్ళకు పాలు పోసి రాగానే, వాటిలోనే పాదాలు ఆనించి కూర్చుంటాను.