నాన్న ఫిడేలుకి టేకు పెట్టె

నా చిన్నప్పుడు, నాన్న పోయిన మూడో నెలలో, తాతయ్య నన్ను వెంటబెట్టుకుని ఏలూరు వెళ్ళాడు. నాన్న హరికథలకు ఫిడేలు వాయించేవాడు. ఆయన పోయాక అది గుడ్డసంచిలో చిలక్కొయ్యకు వేలాడుతూ ఉండిపోయింది. దానికో గట్టి పెట్టె కావాలని తాతయ్య పట్టుబట్టాడు. నాకు తొమ్మిదేళ్ళు. చెప్పొద్దూ, అప్పటికి నాకు ఒక్కసారైనా ఏడుపు రాలేదు. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. నాకేమీ అనిపించేది కాదు, అంతే. పెడితే తినేదాన్ని, పడుకోమంటే పడుకునేదాన్ని.

దోనెలో కొల్లేరు దాటి, బస్సెక్కి, పెట్టెలు చేసే సాయిబుగారి కొట్టుకు చేరాం. ఆయన ముందు ఓ అట్టపెట్టె చూపించారు. లోపల ఎర్ర మఖమల్‌తో తేలిగ్గా, ముద్దుగా ఉంది. తాతయ్య దాన్ని వేలితో నొక్కి, పెదవి విరిచి, టేకుతో చేయమన్నాడు. అంతటితో ఊరుకుంటేనా! ఆయన జన్మంతా చేపల వేట మనిషి. నీటిచుక్క దూరకపోతే చాలు, ఏ వస్తువైనా పదిలంగా ఉంటుందని ఆయన నమ్మకం.

"మా దోనెకు పట్టించినట్టు అతుకులన్నిటికీ గుగ్గిలం పట్టించి, మూత మేకులతో బిగించేయండి," అన్నాడు.

సాయిబుగారు మేం తెచ్చిన సంచిలోంచి ఫిడేలు బయటికి తీసి, వెనక అతుకు దగ్గర వేలితో తడిమారు. అప్పటికే జిగురు కాస్త వదిలింది. "అలా బిగిస్తే లోపలి చెమ్మ లోపలే ఉండిపోద్దండి. రెండు వానాకాలాలకే ఇది ముక్కలైపోద్ది. పెట్టె దెబ్బ తగలకుండా కాపాడుద్ది గానీ, వారానికోసారి తెరిచి గాలి తగలనివ్వాలండి. మీ ఇంట్లో ఎవరు తెరుస్తారు?" అని అడిగారు.

మా ఇంట్లో నాన్న పేరెత్తేవాళ్ళే లేరు. అమ్మయితే ఆ సంచి ఉన్న గదిలోకే వచ్చేది కాదు.

"దాన్ని చూడలేమండీ. అందుకే మూసేయమంటున్నా," అన్నాడు తాతయ్య.

"అయితే నేను చేయలేనండి, ఏమీ అనుకోకండి," అని సాయిబుగారు ఫిడేలు తిరిగి ఇచ్చేశారు.

"నేను తెరుస్తానండి," అన్నాను. ధైర్యమూ కాదు, ప్రేమా కాదు. దాన్ని చూసినా ఏమీ కానిది మా ఇంట్లో నేనొక్కదాన్నే కదా అనుకున్నాను.

సాయిబుగారు నా మొహంలోకి చూశారు. "ఏడుపొస్తే ఏం చేస్తావమ్మా?"

"రాదండి."

"రాకపోతే మానె. తెరవడం మాత్రం మానకు తల్లీ," అన్నారు. మూడు నెలల్లో నన్ను తప్పుపట్టని మనిషి ఆయనొక్కరే. నా అరచెయ్యి కొలిచి, దానికి సరిపడా పిడి పెట్టి టేకు పెట్టె చేసిచ్చారు.

మొదటి శుక్రవారం తెరిచాను. ఏమీ అనిపించలేదు. మూడో శుక్రవారం అమ్మ వచ్చి పక్కన కూలబడి, ఫిడేలు ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేను పెట్టె మూత పట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

ఎనభైకి దగ్గర పడ్డాను. ఫిడేలు వాయించడం నాకు రాలేదు. నాన్న కోసం ఏడవడమూ రాలేదు. మనసు కదిలేదాకా ఆగక్కర్లేదని, చేతులు చేయాల్సింది చేస్తూ ఉండొచ్చని ఆ రోజు నేర్చుకున్నాను. దీన్ని ప్రేమంటారో లేదో మీరే చెప్పాలి. రాతిగుండె అనుకున్నా అనుకోండి, ఫరవాలేదు. మొన్న శుక్రవారం కూడా తెరిచాను.