ఆమె పుట్టింది ఆ గదిలో కాదు

చింతామణి దగ్గర మా ఊళ్ళో రాష్ట్రపతి గారి భార్య పుట్టిన ఇంటిని స్మారకంగా ఉంచారు. ఆవిడ అక్కగారిని నేను పెద్దమ్మా అనేదాన్ని. బడికి పోని నాకు ఓనమాలు దిద్దించిన చెయ్యి ఆమెది. ఆ చేతికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఆ ఇంటి పెరట్లో దూడల కొట్టం దాటేటప్పుడల్లా పెద్దమ్మ దాని గడపను తాకి కళ్ళకద్దుకునేది. ఆ కాలంలో మైలని పురిటివాళ్ళను అక్కడే పడుకోబెట్టేవారు. చెల్లెల్ని కని వాళ్ళమ్మ కన్నుమూసింది అక్కడే.

స్మారకం తెరిచిన రోజు చూస్తే దేవుడి గదికి బోర్డు తగిలించి ఉంది: 'ఆమె జన్మించిన గది.' దేవుణ్ణి సామాన్ల గదిలో పెట్టారు.

పెద్దమ్మ స్మారక సమితి పెద్దను అందరి ముందూ నిలదీసింది. "దేవుని గదిలో ఎవురన్నా కంటారేమప్పా? మీయమ్మ నిన్ను యాడ కనింది, గోపురం మిందనా?"

జనం నవ్వారు. ఆయనా నవ్వాడు. "కొట్టమంటే చూసేవాళ్ళకు బాగుండదమ్మా. దాన్ని తీసేసి కార్లకు జాగా చేస్తాండాం."

"ఆపొద్దు మాయమ్మను నట్టింట్లోకి గూడా రానీలేదు. ఇప్పుడు దేవుని గదిలో కనిందంటాండారా?"

పెద్దమ్మ బతికుండగా కొట్టం జోలికి ఎవరూ రాలేదు. పోయాక నెల తిరక్కుండా పడగొట్టారు. దేవుడి గడప మీదే అబద్ధం తగిలించిన ఆ చేతులను నేను క్షమించలేదు.

ఇప్పుడక్కడ కార్లు నిలుస్తాయి. అటు పోయినప్పుడల్లా డ్రైవర్లను బండి తీయమంటాను. ఎందుకమ్మా అంటే, "ఈడ ఒక తల్లి పానం పోయింది, తియ్యప్పా" అంటాను. తీసేదాకా కదలను.