ఇంకోసారి మాస్టారి చెవి

స్టూడియోలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ప్రతి టేకు తర్వాతా “ఇంకోసారి” అంటాడు కాబట్టి ఇంకోసారి మాస్టారు. మూడో వరుసలో వయొలిన్ వాయిస్తూ మొదలుపెట్టి, ముప్ఫై ఏళ్లలో అరవై సినిమాలకు నేపథ్య సంగీతం కట్టాడు. డాక్యుమెంటరీలకైతే అంతే లేదు: చీమల మీద, వరదల మీద, ఆఖరికి తలుపు తాళాల మీద కూడా. ఇంత చేసినా ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. తెర మీద బొమ్మ నడుస్తుంటే గదిలో ఆయనా నడుస్తాడు. కాళ్లకు వైర్లు చుట్టుకుంటాయి. తిట్లు వైర్లకే.

ఏ వాయిద్యం ఎంత గట్టిగా వినపడాలో మీటలతో సరిచేసే బల్ల దగ్గర మూడేళ్లుగా కూతురే కూర్చుంటోంది. లైట్‌హౌస్ కాపలాదారు మీద తీసిన డాక్యుమెంటరీ చేతికొచ్చిన వారం చంటిదానికి జ్వరమని ఆమె రాలేదు. నాకు తెలియని మీటలా అనుకుని మాస్టారే కూర్చున్నాడు. అన్నిటికంటే సన్నగా, పైస్థాయిలో పలికే బుల్లి ఫ్లూటు ఎందుకో ఆ రోజు వినపడకుండా మొరాయించింది. మీట పైకి నెట్టాడు, ఇంకా నెట్టాడు, ఇప్పుడు బాగుందని పంపేశాడు.

మర్నాడు దర్శకుడు ఫోన్ చేశాడు.

“ఏమీ అనుకోకండి మాస్టారూ, ఆ ఫ్లూటు చెవిలో సూది గుచ్చినట్టుంది. ఎల్లుండే ప్రదర్శన.”

“ముందు మీ స్పీకర్లు బాగుచేయించుకోండి,” అని మాస్టారు ఒంటికాలి మీద లేచాడు.

లేచాడే గానీ మనసు మనసులో లేదు. మళ్లీ విన్నాడు. ఆయనకు బాగానే ఉంది. ఈ మూడేళ్ల సినిమాల ఫైళ్లు తెరిచి చూశాడు. ఫ్లూటు మీట ఆయన చెప్పిన చోట ఒక్కదాంట్లోనూ లేదు. అన్నిట్లోనూ కిందికే ఉంది. చెప్పులు తారుమారుగా వేసుకున్నాడో సరిగ్గా వేసుకున్నాడో చూసుకోకుండా కూతురింటికి వెళ్లాడు.

“నేను చెప్పాక తగ్గించేదానివా?”

కూతురు చంటిదాన్ని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. “మొదట్లో గోరంతే నాన్నా.”

“ఇప్పుడో?”

ఆమె బొటనవేలూ చూపుడువేలూ వీలైనంత ఎడంగా చాపి చూపించింది.

ఆ ఎడం చూసి మాస్టారికి సిగ్గేసింది, అంతకు మించి భయమేసింది. మూడేళ్లుగా ‘ఫ్లూటు భలే కుదిరింది’ అని జనం మెచ్చుకుంటుంటే కాలర్ ఎగరేసింది ఆయనే మరి.

“ఒక్క మాట చెప్పొచ్చుగా.”

“చెప్తే మానేస్తావు. మానేసి ఇంట్లో ఎలా ఉంటావు నాన్నా నువ్వు?”

మాస్టారు అక్కడే ఇటూ అటూ నాలుగుసార్లు తిరిగి, దర్శకుడికి ఫోన్ కలిపాడు.

“మీ స్పీకర్లు బంగారంలా ఉన్నాయి. పోయింది నా చెవి. ఇకమీద మా అమ్మాయి సరే అంటేనే సరే. తెర మీద దాని పేరు కూడా వేయండి. ఒప్పుకుంటే ఈ సాయంత్రానికే పంపుతాం.”

అవతలివాడు సరేనని పంపమన్నాడు.

స్టూడియోలో కూతురు మీట కిందికి లాగింది. చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని మాస్టారు కూర్చున్నాడు. తెర మీద కాపలాదారు మెట్లెక్కుతున్నాడు. వయొలిన్లు వినపడుతున్నాయి. ఫ్లూటు జాడ లేదు.

“ఇప్పుడు వస్తోందా అది?”

“వస్తోంది నాన్నా.”

“ఎలా ఉందో చెప్పు.”

ఆమె బొమ్మను కాస్త వెనక్కి తిప్పి, ఫ్లూటు పాడే వరసనే తన మంద్రమైన గొంతులో, ఆయనకు వినపడేంత కింది స్థాయిలో పాడింది. మాస్టారు కదలకుండా విన్నాడు.

“ఇంకోసారి,” అన్నాడు.