నాచు పెట్టెలో వచ్చిన సాలమాండర్

మొక్కలమ్మే మనిషి ఒక కొండవాగు జీవి గురించి ఎందుకు రాయాలంటే, అలాంటిది మళ్ళీ ఏ నాచు పెట్టెలోనైనా వస్తే, అప్పుడు డ్యూటీలో ఉన్నవాళ్ళు నేను చేసిన తప్పు చేయకూడదు.

రెండేళ్ల కిందట, జులై నెల. దోహాలో అబూ హమూర్‌లో మా దుకాణం. ముందు మొక్కలు, పూలు; వెనక గదిలో పెంచుకునేవాళ్ళ కోసం ఎడారి బల్లులు. నా చదువు భీమవరంలో పదో తరగతితో ఆగింది. ఇక్కడికొచ్చాక శుక్రవారాలు లైబ్రరీలో కూర్చుని, జంతువుల పుస్తకాలు చదివి నాలుగు నోటుపుస్తకాలు నింపాను.

ఒక రోజు, కుండీల్లో పరిచేందుకు అమెరికా నుంచి వచ్చిన నాచు విప్పుతుంటే వేలెడంత గోధుమరంగు ప్రాణి కదిలింది. బల్లి అనుకున్నాను. బల్లి వస్తే మేం చేసేది ఒక్కటే: ఇసుక పెట్టెలో వేసి హీట్ ల్యాంప్, అంటే వేడి దీపం, వెలిగించడం. అదే చేశాను. కాసేపటికి అది కదలడం మానేసింది.

పక్కన పూలకు నీళ్ళు మారుస్తున్న జగిత్యాల లింగయ్య తొంగిచూశాడు. "లేబర్ క్యాంపుల కొత్తోడు దిగితే పేరు కంటే ముందు ఊరడుగుతం గద అన్నా. గిన్ని బుక్కులు సదివినవ్, దీని ఊరడిగినవా?"

వెక్కిరింతే. అయినా పెట్టె మీది చీటీ చదివాను. తూర్పు అమెరికా కొండల్లో, అడవి వాగుల ఒడ్డున ఏరిన నాచు. అంటే ఇది చల్లటి తడి చోటు ప్రాణి. వెంటనే దీపం ఆర్పి, దాన్ని తాగే నీళ్ళతో తడిపిన నాచులో పెట్టి, పూలు నిల్వచేసే కోల్డ్ రూమ్‌లోకి పరుగెత్తాను.

అది మళ్ళీ కదిలాక భూతద్దంతో చూశాను. పొలుసుల్లేవు, గోళ్ళు లేవు. ముందుకాళ్ళకు నాలుగేసి వేళ్ళే, బల్లికి ఐదుంటాయి. కంటి నుంచి దవడ మూలకు లేత గీత, గుండ్రటి తోక. నా రెండో నోటుపుస్తకంలో దొరికింది: మౌంటెన్ డస్కీ సాలమాండర్, చూపుకి బల్లిలా ఉన్నా కప్పలకు చుట్టం. దీనికి ఊపిరితిత్తులుండవు, తడి చర్మంతోనే గాలి పీలుస్తుంది. దీపం కింద నేను ఆరబెట్టింది దాని ఊపిరినే.

మా మేనేజరు కురియన్ గారు మలయాళీ. కాగితాల్లేని ప్రాణి అని కంగారుపడి, "బయట పారేయ్. ఎవరైనా చూస్తే లైసెన్స్ మాఫీ," అన్నారు గల్ఫ్ హిందీలో; ఇక్కడ మాఫీ అంటే ఇక లేనట్టే.

"పారేస్తే ఎండకి అది పోతుంది, దాస్తే మనం పోతాం సార్. మనమే చెప్పేద్దాం," అన్నాను.

ఆయన కోల్డ్ రూమ్‌లోకి వెళ్ళి దాన్ని ఒకసారి చూసొచ్చారు. తర్వాత ఆయనే పశువైద్య అధికారులకు ఫోన్ చేశారు. మూడో రోజు డాక్టర్ మరియం గారు వచ్చి, వేళ్ళు లెక్కపెట్టి, తన పుస్తకంతో పోల్చుకుని, ఫారంలో నేను చెప్పిన పేరే రాశారు. ఐసు పెట్టిన డబ్బాలో దాన్ని ప్రాణాలతో తీసుకెళ్ళారు.

ఇప్పుడు ఏ పెట్టె వచ్చినా ముందు చీటీ చదువుతాను, నోటుపుస్తకం తర్వాతే తీస్తాను. ఫోన్ చేసినందుకు కురియన్ గారికి, నా మాట విని సరిచూసినందుకు మరియం గారికి నా కృతజ్ఞతలు. అందరికన్నా ముందు లింగయ్యకి. పుస్తకాలు చదివిన నాకు తట్టని ప్రశ్న అడిగింది అతనే.