మేయరమ్మ వీధికి మొదటి నీళ్లు

మేయర్‌నైన కొత్తలో నాకు నమస్కారం పెట్టిన ప్రతి మనిషి మీదా అనుమానమే. నిన్నటిదాకా 'ఏమ్మే' అని పిలిచినవాళ్లు ఒక్కసారిగా 'మేడమ్' అంటుంటే ఒళ్లు మండేది. డిప్యూటీ మేయరైతే మరీను. నేనేం మాట్లాడినా నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే నాకు తిన్నది అరిగేది కాదు.

మా వీధి పైపులైనుకు కొసన ఉంది. కుళాయి నీళ్లు మొదట వెనక వీధికి వదిలి, వాళ్లు పట్టుకున్నాక మాకు తిప్పుతారు. ఊహ తెలిసినప్పటినుంచీ అదే వరస. నేను గెలిచాక అది తారుమారైంది. కోడి కూసేసరికి మా కుళాయిలో నీళ్లు! నేనెవరికీ చెప్పలేదు. అయినా ఎవరు నమ్ముతారు?

వెనక వీధిలో నా స్నేహితురాలుంది. ఎన్నికల్లో నాతో గడపగడపా తిరిగి గొంతు పోగొట్టుకున్న మనిషి. చెనక్కాయ చేలల్లో కూలికి చీకటితోనే ఆటో ఎక్కుతుంది. ఇప్పుడు వాళ్ల కుళాయి వచ్చేసరికి ఆమె బుక్కరాయసముద్రం దాటిపోయి ఉంటోంది. సాయంత్రం వచ్చి చూస్తే ఖాళీ బిందెలు.

"మీ ఇంట్లో బాగా పడతాండాయంట కదా" అని ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

నన్ను బద్నాం చేయడానికి డిప్యూటీ మేయర్ చేయించిన పనే ఇదని తేల్చుకున్నాను. మర్నాడు పొద్దున్నే వాల్వు తిప్పే ఆయన్ని నిలదీశాను.

"ఎవరు చెప్పినారు నీకు?"

ఆయన తల గోక్కున్నాడు. "మీ నాయనేమ్మా. మీరే చెప్పమన్నారన్యాడు."

నాయన అరుగు మీద కూర్చుని తీరిగ్గా టీ తాగుతున్నాడు. "అవును, నేనే చెప్పినా. బతుకంతా కడాన పట్టుకుంటిమి. నువ్వు మేయరైనా కడానేనా?" అన్నాడు. ఆవగింజంత సిగ్గు కూడా లేదు. అప్పటికప్పుడు ఫోన్ చేసి పాత వరసే పెట్టించాను. ఆ పూట నాయన నా చేతి అన్నం ముట్టలేదు. ఆఫీసులో ఈ సంగతి విని డిప్యూటీ మేయర్ ఎప్పటిలాగే నవ్వాడు. ఆ నవ్వు మీద అనుమానం నాకింకా పోలేదు.

వారం తిరక్కుండా నా స్నేహితురాలు మా ఇంటికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. నేరుగా పెరట్లోకి పోయి సంపు మూత ఎత్తి వంగి చూసింది. పాత వరసలో కొసదాకా నీళ్లు సరిగా అందక, అడుగున బురద తప్ప ఏమీ లేదు.

"మేయరింట్లో నీళ్లు లేకుండా ఉంటాయా? ఇంకో సంపు యాడుండాది?" అంది.

"యాడా ల్యాదు."

నమ్మలేదు. నేను వంటింటి తలుపు తీసి పక్కకు తప్పుకున్నాను. నా కోసం గడపగడపా తిరిగిన మనిషి, నా ఇంట్లో ఒక్కో బిందె మూత తీసి చూసుకుంటూ పోయింది.