వీపు మీద కెమెరా, నేల మీద దుర్యోధనుడు

ఆ రోజుల్లో ఫోటో తీయాలంటే కన్ను కంటే ముందు నడుము గట్టిగా ఉండాలి. ఇప్పుడు పెళ్ళిళ్ళలో చూస్తున్నాను, విస్తరి ముందు కూర్చున్న ప్రతివాడూ జేబులోంచి ఫోను తీసి, వంకాయకూరను ఒకటీ పక్కవాణ్ణి ఒకటీ లాగేసి, మళ్ళీ జేబులో పడేసుకుంటున్నాడు (కూర చల్లారిపోతోందయ్యా అనాలనిపిస్తుంది, అనను). నేను చెప్పబోయేది ఎనభైల మొదట్లో సంగతి. తిరుపతి బస్టాండు వెనక సందులో ఒక స్టూడియోలో పనిచేసేవాణ్ణి. కొండ మీద గుండ్లు కొట్టించుకుని దిగివచ్చిన కుటుంబాలను వరసగా కూర్చోబెట్టి ఫోటో తీయడం మా వ్యాపారం. ఆ గుండ్లు లైటు కింద తళతళలాడకుండా పౌడరు అద్దడం నా పని. పౌడరుకు కూడా లొంగని గుండ్లను తర్వాత ప్రింటు మీద కుంచెతో సరిదిద్దడం కూడా నా పనే. నాకు ఇరవై రెండేళ్ళు. నా తెలివికి ఇది మరీ చిన్న పని అని నాకు గట్టి నమ్మకం. నమ్మకం విషయంలో నేనెప్పుడూ లోటు చేసుకోలేదు.

మా ఓనరు మద్రాసులో మూతపడుతున్న ఒక పెద్ద స్టూడియో నుంచి మోనోరైల్ కెమెరా ఒకటి కొనుక్కొచ్చాడు. చూడనివాళ్ళ కోసం చెబుతాను. చేయంత పొడవున్న లోహపు కడ్డీ, దాని మీద ముందొక చట్రం, వెనకొక చట్రం, రెంటి మధ్య మడతలు మడతల నల్ల తిత్తి. ముందు చట్రానికి లెన్సు, వెనక చట్రానికి గరుకు అద్దం. తల మీద నల్లగుడ్డ కప్పుకుని ఆ అద్దంలోకి చూస్తే ఎదురుగా ఉన్నదంతా తలకిందులుగా కనబడుతుంది. చూడటం అయ్యాక అద్దం దగ్గర ఫిల్ము పెట్టె దోపాలి. దోపాక ఇక మనకేమీ కనబడదు, భారమంతా దేవుడిదే. ఓనరు దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గుడ్డలో తల దూర్చి, ఎదురుగా కూర్చోబెట్టిన భార్య తలకిందులుగా వేలాడటం చూసి, మంగళవారం పూట ఇదేం ఖర్మరా అనుకుంటూ బయటికి వచ్చేశాడు. అప్పటి నుంచి అది బీరువా పక్కన ముసుగు వేసుకుని ఉండేది. నేను మాత్రం సెలవు రోజుల్లో దాన్ని తీసి, తిప్పి, వంచి, ముందు చట్రం వంచితే కాళ్ళ దగ్గర నుంచి దూరం దాకా అంతా స్పష్టంగా వస్తుందనీ, వెనక చట్రం వంచితే దగ్గరున్నది మరీ పెద్దదైపోకుండా సర్దవచ్చుననీ కనిపెట్టాను. (ఈ సంగతి నాకంటే ఎన్నో ఏళ్ళ ముందే ఎవరో కనిపెట్టేశారని తర్వాత తెలిసింది. అప్పటికి నా గర్వం నేను అనుభవించేశాను.)

ఆ ఎండాకాలంలో బంగారుపాళ్యం అవతలి పల్లె నుంచి ఒక మామిడితోపు ఆసామి మా స్టూడియోకు వచ్చాడు. ఆ ఊరి భారతానికి ఆయనే పెద్ద. మా చిత్తూరు జిల్లాలో ఎండలు ముదిరితే ఊరూరా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఆఖరి రోజు దుర్యోధన వధ. ఆ వధ కోసం మైదానంలో మట్టితో దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకోబెడతారు. మామూలు బొమ్మ కాదు, అతని పొట్ట మీద పిల్లలు జారుడుబండ ఆడుకోవచ్చు. ఏటా దాన్ని ఫోటో తీయడానికి మా ఓనరు బామ్మర్ది చిన్న కెమెరా మెడలో వేసుకుని స్కూటరు మీద వెళ్ళేవాడు. పాదాల దగ్గర నిలబడి నొక్కేవాడు. పాదాలు తలుపు రెక్కలంత, తల నిమ్మకాయంత వచ్చేవి. పెద్దాయన ఆ ఫోటోలన్నీ తెచ్చి బల్ల మీద పరిచాడు.

"సూడు సామీ, ఏటేటా మా రారాజుకు బోదకాళ్ళు వచ్చినట్టుండాది. మొగమే లేదు. మొగం లేనోన్ని గోడకు ఎట్ల తగిలించుకునేది?" అన్నాడు.

బొమ్మ పొడుగు అలాంటిది, ఎవరు తీసినా అంతేనని బామ్మర్ది సర్దిచెప్పబోయాడు. నేను డార్కురూము తలుపు దగ్గర నిలబడి, పిలవని పేరంటానికి వచ్చినవాడిలా, ఆ మోనోరైల్ నా చేతికిస్తే రారాజును కాలి గోటి నుంచి కిరీటం దాకా తెస్తానన్నాను. బామ్మర్ది నవ్వాడు. ఆ నవ్వు చూశాకే ఓనరుకు పట్టుదల వచ్చిందని ఇప్పటికీ నా అనుమానం (బావా బామ్మర్దుల మధ్య ఏముంటాయో మనకెందుకు). నా వైపు తిరిగి, "ఫోటో వస్తే ఇంక బయట పనులన్నీ నీవే. రాలేదనుకో, గుండ్లకు పౌడరు పూసుకుంటా ఈడే పడుండు," అన్నాడు. నేను ఆ రాత్రి నిద్రలో కూడా ఫోటో తీశాను.

స్కూటరు నాకు లేదు. కెమెరాతో పాటు వచ్చిన చెక్కపెట్టెను మోయాలంటే ఇద్దరు కావాలి. అందుకని లారీలకు టార్పాలిన్లు కుట్టే భాయ్ దగ్గరికి వెళ్ళి, వీపుకు తగిలించుకునే సంచి కుట్టిపెట్టమన్నాను. ఆయన కెమెరాను చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ కొలిచి, లోపల పాత బొంత పరిచి, లారీ పట్టాతోనే దిట్టంగా కుట్టాడు. కడ్డీ మాత్రం ఎలా పెట్టినా నా తల మీదికి జానెడు పొడుచుకొచ్చేది. దానికొక టోపీ కుట్టి తగిలించి, నీకు ఇప్పుడు రెండు తలకాయలు, ఒకటి వంగినా ఇంకోటి వంగదు, చూసుకో అని హెచ్చరించాడు. మర్నాడు స్టాండు చంకన పెట్టుకుని మొదటి బస్సు ఎక్కేటప్పుడు నేను వంగాను, అది వంగలేదు. తలుపు పైకమ్మీకి ఠంగున కొట్టుకుని, వెనక ఎక్కుతున్న ఆవిడ బుట్టలో కూలబడ్డాను. బుట్టలో తమలపాకులు ఉండబట్టి నాకేం కాలేదు. ఆవిడ తిట్లు చంద్రగిరి దాటేదాకా వినబడుతూనే ఉన్నాయి.

చిత్తూరులో బస్సు మారాక సంచిని ఒళ్ళో పెట్టుకున్నాను. కుదుపులకు తాడు వదులై తిత్తి మడతలు బయటికి కనబడ్డాయి. పక్క సీటు ముసలాయన వాటిని తడిమి చూసి, ఈ అబ్బాయి భారతానికి పోతున్న హార్మోనీ ఆయన అని బస్సంతా చాటాడు. కెమెరా అంటే ఒక్కరూ నమ్మలేదు. ఒక పద్యానికి శ్రుతి పట్టమని బతిమాలారు. పట్టకపోయేసరికి అలిగారు. కళాకారులకు గర్వం ఉంటుందిలే అని వెనక నుంచి ఎవరో అన్నారు. కళాకారుడన్నారు కదా అని నాకు లోలోపల బాగానే ఉంది.

రోడ్డు మీద దిగి, తోతాపురి మామిడితోపుల మధ్య నడిచి ఊరు చేరేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మైదానంలో దుర్యోధనుడు సిద్ధంగా ఉన్నాడు. ఎర్ర పెదవులు, గుడ్లురిమే కళ్ళు, చెవుల దాకా మెలితిప్పిన మీసాలు. పాదాల వైపు స్టాండు వేసి, చట్రాలు ముందూ వెనకా వంచి, గుడ్డలో దూరాను. అద్దంలో రారాజు కాలి గోటి నుంచి కిరీటం మొన దాకా ఎక్కడివక్కడ అమిరి (తలకిందులుగానే అనుకోండి) ఎంత బాగా వచ్చాడంటే, నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అప్పుడే ఫిల్ము దోపి నొక్కేస్తే నా కథ అక్కడికి సుఖాంతం. కానీ ఎండ ఇంకా తల వెనక నుంచి వస్తోంది, మొహం మీద నీడ ఉంది. పొట్ట మీద పిల్లలు కూడా ఉన్నారు. పొద్దెక్కితే నీడ పోతుంది, వధ అయ్యాక జనం పోతారు, అప్పుడు తీరిగ్గా తీద్దామని నిర్ణయించుకున్నాను. పెద్దాయన వచ్చి ఫోటో అయిందా అని అడిగితే అదే చెప్పాను.

"అయినంక యాడుంటాడప్పా?" అన్నాడాయన.

"యాడికి పోతాడు పెద్దాయనా, మట్టిబొమ్మే కదా," అన్నాను నేను.

ఆయన నన్నూ కెమెరానూ మార్చి మార్చి చూశాడు. ఇంత పెద్ద మిషను మోసుకొచ్చినవాడికి ఆమాత్రం తెలియదా అనుకున్నాడో ఏమో, తల ఊపి వెళ్ళిపోయాడు. నేను తిరుపతి టౌనులో పెరిగినవాణ్ణి. చిన్నప్పుడు వధలు చూడకపోలేదు, నాయన భుజాల మీద కూర్చునే చూశాను. కానీ భీముడు గద దించగానే, బస్సు దొరకదు పద పదమని నాయన నన్ను లాక్కొచ్చేసేవాడు. ఆ తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలియదు. తెలియదన్న సంగతీ తెలియదు.

డప్పులు మోగాయి. భీముడి వేషం, దుర్యోధనుడి వేషం గదలు ఎత్తుకుని బొమ్మ చుట్టూ పరుగులు తీశాయి. పద్యాలు, సవాళ్ళు, తిట్లు అన్నీ అయ్యాక భీముడు బొమ్మ తొడ మీద గద దించాడు. లోపల దాచిన కుండ పగిలి ఎర్రనీళ్ళు చిమ్మాయి. ద్రౌపది వేషం ఆ నీళ్ళు జుట్టుకు రాసుకుని ముడి వేసుకుంది. ఇక జనం వెళ్ళిపోతారు కదా అని, చివరిసారి సరిచూసుకోవడానికి గుడ్డలో దూరాను. అద్దంలో రారాజు పాదాలు లేవు. చట్రం జారిందనుకుని మర బిగించాను. మోకాళ్ళు పోయాయి. ఇంకో మర తిప్పాను. పొట్ట పోయింది. ఇంత ఖరీదైన కెమెరాకు ఇదేం మాయరోగమని గుడ్డ తీసి బయటికి చూశాను.

ఊరంతా దుర్యోధనుడి మీదే ఉంది. ఆడా మగా తట్టల్లో, తువ్వాళ్ళలో, కొంగుల్లో మట్టి పెళ్ళలు పెరికి నింపుకుంటున్నారు. ఆ మట్టి గాదెలో వేస్తే గింజ తరగదట, చేలో చల్లితే పంట తప్పదట. ఆ నేల మీద నడక నేర్చిన ప్రతి పిల్లవాడికీ తెలిసిన ఆచారం. ఆగండి, ఒక్క నిమిషం ఆగండి అంటూ చేతులు అడ్డం పెట్టాను. ఎవరాగుతారు? ఒక అవ్వ మాత్రం నా అవస్థ చూసి నిలబడి, తన ఒడిలోంచి ఒక పెళ్ళ తీసి నా చేతిలో పెట్టింది.

"యాడవొద్దులే నాయనా. అందరికీ వస్తాది. ఇంద, నువ్వూ తీసకపో," అంది.

ఏడుపు వచ్చిన మాట నిజం. నా మిగిలిన బతుకంతా కళ్ళ ముందు వరసగా గుండ్లై కనబడింది. అవ్వ ఇచ్చిన మట్టి జేబులో వేసుకుని చూస్తే, రారాజు తల ఇంకా మిగిలి ఉంది. పోతే పోయింది, ఉన్నదే తీద్దామని కెమెరాతో సహా స్టాండు భుజాన వేసుకుని అటు పరిగెత్తాను. ముందు వంపూ లేదు, వెనక వంపూ లేదు. గుడ్డలో ఒక్కసారి మునిగి లేచి, ఫిల్ము దోపి, అందరూ ఇట్లా చూడండి అని గొంతు పగిలేలా అరిచాను. మట్టి చేతులతో, మట్టి మొహాలతో ఊరు మొత్తం ఏమిటా అని నా వైపు చూసింది. నొక్కాను. రెండో ఫిల్ము దోపేలోగా కిరీటం కూడా ఎవరి గాదెకో వెళ్ళిపోయింది.

స్టూడియోకు వచ్చి, ఫిల్ము కడిగి, పెద్ద ప్రింటు వేసి ఓనరు ముందు పెట్టాను. మధ్యలో రారాజు తల ఒక్కటే ఉంది, అందులోనూ ఒక చెంప లేదు. చుట్టూ ఊరి జనం. మిగతా రారాజు ఎక్కడున్నాడా అని ఓనరు ప్రింటును తిప్పి వెనకవైపు కూడా చూశాడు. బామ్మర్ది, నా ఫోటోల్లో కనీసం కాళ్ళన్నా ఉండేవి కదా బావా అన్నాడు. నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. పౌడరు డబ్బా తీసుకుని, అప్పుడే వచ్చి కూర్చున్న గుండ్ల దగ్గరికి వెళ్ళిపోయాను.

వారం తిరక్కుండానే పెద్దాయన వచ్చాడు. ప్రింటు చేతికిస్తూ ఓనరు ఏదో క్షమాపణ లాంటిది మొదలుపెట్టాడు. ఆయన వినిపించుకోలేదు. కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, ప్రింటును ఒళ్ళో పరుచుకుని, మొహాల మీద వేలు జరుపుతూ, ఇది మా చిన్నాయన, ఇది నడిపి కోడలు, ఇదో ఈ ముసల్ది మా అత్త అని తనలో తనే చెప్పుకుంటున్నాడు. నెత్తిన తట్ట పెట్టుకుని, నోరు తెరుచుకుని, నుదుటి మీద మట్టి మరకతో నిలబడిన ఒకావిడ దగ్గర ఆ వేలు ఆగిపోయింది. ఆవిడ ఆయన భార్య.

"పెండ్లయి నలపై ఏండ్లప్పా," అన్నాడు. "ఈ మనిషి ఫోటో ఒగటీ లేదు నా దగ్గర. ఏటేటా రారాజునే తీసినారు. మమ్మల్ని ఎవురు తీసినారు?"

ఓనరు లేచి వచ్చి, నా చేతిలోని పౌడరు డబ్బా తీసుకుని బామ్మర్ది చేతిలో పెట్టాడు.

ఆ ఫోటో కాపీలు వేసీ వేసీ నా వేళ్ళు నల్లబడ్డాయి. ఆ ఊళ్ళో ఇంటింటా దేవుడి పటాల పక్కన చెంప లేని దుర్యోధనుడు వెలిశాడు. ఆ తర్వాత భాయ్ కుట్టిన సంచి వీపున వేసుకుని జిల్లా అంతా తిరిగాను. వధకు ముందే వెళ్ళి, వెలుతురు చూసుకుని, అన్ని వంపులూ వంచి, ఎంతమంది దుర్యోధనులను తీశానో లెక్కలేదు. అందరూ గోటి నుంచి కిరీటం దాకా చక్కగా వచ్చారు. వాళ్ళలో ఒక్కణ్ణి కూడా ఏ ఇంటి గోడ మీదా నేను చూడలేదు.

ఊరికే కూర్చున్నప్పుడు అప్పుడప్పుడూ ఆ కుర్రాడు కళ్ళ ముందుకు వస్తాడు. ఎండలో, జేబు నిండా మట్టితో, అంతా పోయిందని ముక్కు ఎగపీలుస్తూ, స్టాండు భుజాన వేసుకుని పరిగెడుతుంటాడు. ఒరేయ్, ఏడవకు, నీ జన్మలో తీయబోయే ఒకే ఒక్క మంచి ఫోటో వైపు పరిగెడుతున్నావు అని చెప్పాలనిపిస్తుంది. చెప్పను. చెబితే అక్కడికక్కడ ఆగిపోయి, స్టాండు దించి, వెలుతురు సరిగ్గా లేదని కూర్చుంటాడు.