తేనెటీగలకు చావు కబురు

9 డిసెంబరు 2007, ఆదివారం. ఉదయం ఎనిమిదిలోపు చేసిన పనులు: మంచినీళ్లు పట్టడం, ఇడ్లీ, మధ్యాహ్నానికి పప్పుచారు, పాత నల్ల లంగా చింపి ఐదు పీలికలు.

ఆ పీలికలు కట్టి రావడానికే ఈ రోజు ప్రయాణం. అలియాబాద్ దగ్గర తోట అద్దెకు తీసుకుని తేనెటీగలు పెంచిన మార్గరెట్ గారు నాకు కేకు చేయడం నేర్పిన ఇంగ్లీషు ఆవిడ. వాళ్ల పల్లెల్లో ఇంటివాళ్లు పోతే తాళంచెవితో తేనెపెట్టెను మూడుసార్లు తట్టి ఆ సంగతి చెబుతారట. ఇక ఎవరు చూసుకుంటారో కూడా చెప్పి, నల్లగుడ్డ కడతారట. చెప్పకపోతే ఈగలు వెళ్లిపోతాయట. తన విషయంలో అది దగ్గరుండి జరిపిస్తానని నా దగ్గర మాట తీసుకున్నారు. శుక్రవారం సికింద్రాబాద్ ఆసుపత్రిలో ఆవిడ పోయారని నిన్న ఫోన్ వచ్చింది.

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు షేర్ ఆటోలో పదిహేను రూపాయలు, అక్కడి నుంచి కరీంనగర్ రోడ్డు బస్సులో ఐదు. పదకొండింటికి తోట చేరాను. తోట చూసుకునే ఎల్లమ్మ గేటు దగ్గరే ఉంది.

"దొరసాని రాలేదా అక్కా? శుక్రారం సంది ఈగలు సప్పుడు జేస్తలేవు. ఒక పెట్టె ఖాళీ అయింది."

నేను విషయం చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూర్చుంది. పెట్టెలు ఆమెకే ఇస్తానని మార్గరెట్ గారు అందరి ముందూ అన్నారు. అవీ పోతే ఎల్లమ్మకు మళ్లీ కూలిపనే.

ఆచారం చెబితే, "గవ్విటికి తెలుగొస్తదా?" అంది.

"ఐదేళ్ల నుంచి నీ తిట్లేగా వింటున్నాయి."

ఎండలో నాలుగు పెట్టెల ముందూ ఈగలు కదలకుండా గుంపుగా అంటుకుని ఉన్నాయి. ఎల్లమ్మ తాళంచెవితో తట్టింది. "మీ దొరసాని సచ్చిపోయింది. ఇగ మిమ్ముల నేనే అరుసుకుంట. పోకుండ్రి." నేను పీలిక కట్టాను. లోపల సన్నగా ఝుంకారం మొదలైంది. నాలుగింటిలోనూ అంతే.

ఖాళీ అయిందన్న ఐదోదాని మూత ఎత్తి చూశాం. మైనం తప్ప ఒక్క ఈగ లేదు. అయినా లెక్క ప్రకారం మూసి తట్టాం. లోపలి నుంచి అదే ఝుంకారం వచ్చింది.

నేను మళ్లీ మూత మీద చెయ్యి వేయబోయాను. ఎల్లమ్మ మెల్లగా పట్టుకుని ఆపింది. "దాన్ని ముట్టకు అక్కా. గా పెట్టె దొరసానిది."

తిరుగు బస్సులో భయం కంటే ఊరటే ఎక్కువగా ఉంది. చావు కబురు ఎవరికి చెప్పాలన్న లెక్కలో మనం మనుషుల దగ్గరే ఆగిపోతాం. మార్గరెట్ గారి పల్లెవాళ్లు ఇంకో గడప దాకా, ఈగల దాకా వెళ్లారు. అటు తేనె కొనడానికి వెళ్లేవాళ్లు సెంటు పూసుకోకండి, ఈగలకు పడదు.

మార్గరెట్ గారికి ఇచ్చిన మాట: బాకీ చెల్లు.